ఆ మాంట్రియల్ మెసేజ్ ఇక పంపకండి

ఏప్రిల్ వస్తే చాలు, ఆ మెసేజ్ మళ్లీ బయల్దేరుతుంది. ఈసారి అమెరికాలో ఉన్న మా బావ పంపాడు. కాసేపటికే కాలేజీ స్నేహితుల గ్రూపులోనూ ప్రత్యక్షమైంది, కింద అందరి దండాలతో సహా. చదవనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెబుతాను. మాంట్రియల్ రాయల్స్ కెనడాలో ఓ చిన్న ఊరి బేస్‌బాల్ జట్టట. దయగల తెల్ల యజమాని ఒకాయన, ఎవరికీ తెలియని జాకీ రాబిన్సన్‌ అనే నల్లజాతి కుర్రాణ్ణి తెచ్చి 1946లో అందులో ఆడించాడట. తెల్లవాళ్లతో ఆడిన మొట్టమొదటి నల్లవాడు అతనేనట. ఎన్ని తిట్లు పడ్డా నోరు విప్పలేదట. వివక్ష అంటే ఏమిటో ఎరగని మాంట్రియల్ జనం అతణ్ణి నెత్తిన పెట్టుకున్నారట, మేనేజర్ మనసూ మారిందట. అతను వెళ్లిపోగానే జట్టు మూతపడి, తర్వాత కాన్సస్ సిటీ రాయల్స్‌గా మారిందట. చివర నీతి: "అవమానాన్ని మౌనంగా భరించినవాడికే లోకం తలవంచుతుంది."

చిన్న ఊరు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. మాంట్రియల్ అప్పటికి కెనడాలోకెల్లా పెద్ద నగరం. రాయల్స్ ఆడిన ఇంటర్నేషనల్ లీగ్, అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కింద ఉండేది.

మొట్టమొదటివాడన్నదీ తప్పే. 1884లోనే మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో తరఫున మేజర్ లీగ్‌లో ఆడాడు. ఇదే ఇంటర్నేషనల్ లీగ్‌లో 1887లో ఫ్రాంక్ గ్రాంట్, జార్జ్ స్టోవీ ఆడారు. ఆ ఏడాదే యజమానులు ఓటు వేసుకుని, ఇకపై నల్లవాళ్లను తీసుకోకూడదని తీర్మానించారు. అంటే నల్లవాళ్లు ఆడుతుండగానే, చూస్తూ చూస్తూ వెనక వచ్చేవాళ్లకు తలుపు మూసేశారు. మెసేజ్‌లో ఈ ముక్క లేకపోవడం వల్లే తర్వాతి కథంతా దయలా కనిపిస్తోంది.

ఇక ఆ దయ విషయం. 1945లో రాబిన్సన్ నల్లవాళ్లకు విడిగా ఉన్న నీగ్రో లీగ్‌లో కాన్సస్ సిటీ మోనార్క్స్‌కు ఆడుతున్నాడు. అంతకుముందు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలిస్ శాఖలో నాలుగు ఆటల్లో పేరు తెచ్చుకున్నాడు. అతణ్ణి తీసుకున్నందుకు న్యూయార్క్‌లోని మేజర్ లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ అధినేత బ్రాంచ్ రికీ మోనార్క్స్‌కు ఒక్క డాలరు కూడా చెల్లించలేదు. రాయల్స్ ఆ డాడ్జర్స్ కింది జట్టే. రికీకి ధైర్యం లేదని నేననను. కానీ ఆ ధైర్యం వెనక వెండెల్ స్మిత్ వంటి నల్లజాతి పత్రికా రచయితలు ఏళ్ల తరబడి రాసిన రాతలున్నాయి. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధిస్తూ న్యూయార్క్ రాష్ట్రం 1945లో తెచ్చిన చట్టం ఉంది. పోరాడినవాళ్లందరినీ చెరిపేసి ఒక్క పెద్దమనిషిని మిగిల్చితే అది చరిత్ర ఎలా అవుతుంది?

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది ఆ మౌనం నీతికి. రాబిన్సన్ నోరు మూసుకునే మనిషే కాడు. 1944లో టెక్సాస్‌లోని క్యాంప్ హుడ్‌లో సైన్యాధికారిగా ఉన్నప్పుడు, బస్సులో వెనక్కి వెళ్లి కూర్చోమంటే కుదరదన్నాడు. కోర్ట్ మార్షల్ ఎదుర్కొని నిర్దోషిగా బయటపడ్డాడు. రాయల్స్‌లో మౌనం అతని స్వభావం కాదు, రికీ పెట్టిన షరతు. దాని ఖరీదు కూడా చూడండి. ఫ్లోరిడాలో సాధన కాలంలో శాన్‌ఫోర్డ్ నుంచి అతణ్ణి వెళ్లగొట్టారు. జాక్సన్‌విల్‌లో మైదానానికే తాళం వేశారు. సీజన్ చివరికి నిద్ర, తిండి కరువై, డాక్టరు విశ్రాంతి తీసుకోమనే దాకా వచ్చింది. అంత జరిగినా .349 బ్యాటింగ్ సగటుతో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. గెలిపించింది ఆ ఆట. తిట్లు పడటం కాదు.

మౌనమే గెలిపిస్తుందంటే జాన్ రైట్ సంగతేమిటి? ఆ పేరు మీ మెసేజ్‌లో లేదు. అదే 1946లో, అదే రాయల్స్‌లో రాబిన్సన్ పక్కన ఉన్న నల్లజాతి పిచర్ (బంతి విసిరేవాడు) అతను. అవే ఊళ్లు, అవే తిట్లు. కొన్నాళ్లకే ట్రోయా రివియేర్‌లోని కింది జట్టుకు పంపేశారు. అతని తర్వాత వచ్చిన రాయ్ పార్ట్‌లో అనే నల్లజాతి పిచర్‌నూ అక్కడికే పంపారు. రైట్ మేజర్ లీగ్‌లో ఎప్పుడూ ఆడలేదు. లోకం అతనికి ఎప్పుడు తలవంచింది? ఈ నీతి పనిచేసే చోట రోజూ మాటలు పడుతున్నవాడి ఫోనులోకీ చేరుతుంది. నోరెత్తకు, అదే నీకు మంచిదని చెబుతుంది. అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

మాంట్రియల్ జనం విషయంలో మాత్రం మెసేజ్ చాలావరకు నిజమే చెప్పింది, ఒప్పుకోవాలి. డి గాస్పే వీధిలో రాబిన్సన్ దంపతులకు అద్దె ఇల్లు ఇబ్బంది లేకుండా దొరికింది. గర్భవతిగా ఉన్న రేచల్‌కు ఇరుగుపొరుగు సాయపడ్డారు. కింది స్థాయి లీగ్‌ల విజేతలు తలపడే లిటిల్ వరల్డ్ సిరీస్‌లో, ప్రత్యర్థి లూయివిల్ ప్రేక్షకులు అతణ్ణి గేలి చేస్తే, సిరీస్ మాంట్రియల్‌కు వచ్చాక ఇక్కడి జనం లూయివిల్ ఆటగాళ్లకు అదే తిరిగిచ్చారు. రాయల్స్ గెలిచిన రోజు అభిమానులు రాబిన్సన్ వెంట వీధిలో పరుగెత్తారు. మిసిసిపీ నుంచి వచ్చిన మేనేజర్ క్లే హాపర్ సీజన్ చివర అతనికి చెయ్యి కలిపి మెచ్చుకున్న మాటా నిజమే. కానీ వివక్ష ఎరగని నగరం అనకండి. 1936లో అదే మాంట్రియల్‌లో ఫ్రెడ్ క్రిస్టీకి నల్లవాడని బీరు పోయలేదు. 1939లో కెనడా సుప్రీంకోర్టు ఆ బారు చేసింది చట్టబద్ధమేనంది.

మూతపడటం గురించి. రాబిన్సన్ డాడ్జర్స్‌కు వెళ్లాక రాయల్స్ 1948లో, 1953లో మళ్లీ లిటిల్ వరల్డ్ సిరీస్ గెలిచారు. తర్వాత మేజర్ లీగ్‌లో గొప్ప పేరు తెచ్చుకున్న రాబర్టో క్లెమెంటే 1954లో ఆడింది ఈ జట్టుకే. 1957 సీజన్ తర్వాత డాడ్జర్స్ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయారు. దాంతో మాంట్రియల్ ఆ పై జట్టుకు దూరమైంది, ప్రేక్షకులూ తగ్గారు. 1960 సీజన్‌తో రాయల్స్ కథ ముగిసి, జట్టు సిరక్యూస్‌కు వెళ్లింది.

కాన్సస్ సిటీ రాయల్స్ 1969లో కొత్తగా పుట్టిన జట్టు. ఆ పేరు అక్కడ ఏటా జరిగే అమెరికన్ రాయల్ అనే పశువుల ప్రదర్శన నుంచి వచ్చింది, మాంట్రియల్ నుంచి కాదు.