సవరణ: మాస్కుల సిలికోన్ అంచుల తయారీ

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మౌల్డింగ్ షెడ్డు చూసి వచ్చి, మాస్కు ముఖానికి ఆనే చోట ఉండే సిలికోన్ అంచుల తయారీపై గత వారం నేను రాసిన దానిలో తప్పులు దొర్లాయి. సిలికోన్‌ను ప్లాస్టిక్ లాగే కరిగించి చల్లని అచ్చులోకి ఎక్కిస్తారని రాశాను. జరిగేది అందుకు పూర్తిగా తలకిందులు. ద్రవ సిలికోన్ రెండు భాగాలుగా వస్తుంది. వాటిని సమపాళ్లలో కలిపి, చల్లగా ఉంచిన బ్యారెల్ (యంత్రంలో పదార్థాన్ని ముందుకు నెట్టే గొట్టం) గుండా, సుమారు 150 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న అచ్చులోకి పంపితే, ప్లాటినం ఉత్ప్రేరకం వల్ల అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి, ఆ పదార్థం అక్కడే గట్టిపడుతుంది. గట్టిపడినది మళ్లీ కరగదు కనుక, తుక్కును కరిగించి వాడుకోవచ్చన్న నా వాక్యాన్ని కూడా కొట్టివేయగలరు.

అచ్చు దగ్గర లేటెక్స్ (సహజ రబ్బరు) చేతి తొడుగులు వేసుకోవాలన్న నా సలహా ఇంకా ఇబ్బందికరమైనది. లేటెక్స్‌లో మిగిలి ఉండే గంధకం సమ్మేళనాలు ప్లాటినాన్ని పనిచేయనివ్వవు. షెడ్డు యజమాని నా పోస్టు చదివి, పాడైన అంచు ఒకటి తెచ్చి చూపించారు: మిగతాదంతా బిగువుగా సాగుతున్నా, తొడుగు తగిలిన బొటనవేలంత మేర మాత్రం ఆరని బంకలా చేతికి అంటుకుంది. ఆవకాయ జాడీలో తడి చెయ్యి పెట్టనివ్వని ఊళ్లో పుట్టి కూడా నాకు ఈ అనుమానం రాకపోవడం విచిత్రమే. అక్కడ వినైల్ తొడుగులు వాడుతున్నారు.