అభ్యంతరాల్లో నాణ్యత పడిపోయింది

బెంగళూరు తెలుగువాళ్లలో 'ఎలక్ట్రిక్ బండి కొనొద్దు' అనే పక్షం ఇంకా బలంగానే ఉంది. జనానికి లోటు లేదు, లోటంతా సరుకులోనే. మారతహళ్లి మెస్సులో పప్పన్నం కలుపుతూ ఒకరు, వైట్‌ఫీల్డ్ గృహప్రవేశంలో విస్తరి ముందు కూర్చుని ఇంకొకరు, ఇద్దరిదీ ఒకటే మాట: "తగలబడిపోతాయట కదా!" 2022 వేసవిలో స్కూటర్లు కాలిన వీడియోలు చూసి పట్టుకున్న అభ్యంతరం అది. అప్పటినుంచి దుమ్ము కూడా దులపకుండా వాడుతున్నారు. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీ భద్రతకు పెట్టిన ఏఐఎస్-156 ప్రమాణాన్ని బిగించి, 2022 డిసెంబరులో ఒక విడత, 2023 మార్చిలో ఇంకో విడత అమలుకు తెచ్చింది. నిప్పు గురించే మాట్లాడాలని ఉంటే పద్ధతిగా మాట్లాడొచ్చు. "బ్యాటరీ లోపలి సెల్స్ ఎల్ఎఫ్‌పీవా, ఎన్ఎంసీవా?" అని అడగండి. మొదటి రకానికి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బరువెక్కువ, వేడికి ఓర్పూ ఎక్కువే. రెండోది (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిపినది) అంతే బరువుతో ఎక్కువ దూరం తీసుకెళ్తుంది, ఓర్పు మాత్రం కాస్త తక్కువ. ఈ ప్రశ్న వేస్తే షోరూం కుర్రాడు మేనేజర్ కోసం లోపలికి వెళ్తాడు. అభ్యంతరమంటే అలా ఉండాలి.

ఇక తిరుపతి అభ్యంతరం. ఇది మన జాతి సొత్తు. రోజూ సర్జాపూర్ రోడ్డు మీద పది కిలోమీటర్లు గంటసేపు పాకే మనిషి, ఏడాదికోసారి కొండకు వెళ్లే 250 కిలోమీటర్లను బట్టి బండి ఎంచుకుంటాడు. ఎంచుకోనివ్వండి, మొక్కు మొక్కే. కానీ "ఒక్క చార్జితో వెళ్తుందా?" అని అడిగి ఊరుకుంటాడు. వెళ్లేటప్పుడు ఏముంది? బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 దగ్గర. పలమనేరు దాటాక మొగిలి ఘాట్‌లో దిగుతూ బండి కొంత కరెంటు తిరిగి నింపుకుంటుంది కూడా. తేడా వచ్చేది తిరుగు ప్రయాణంలో. కారూ మనుషులూ లడ్డూ సంచులూ కలిపి 1,800 కిలోల బరువును 750 మీటర్లు పైకెత్తడానికే నాలుగు యూనిట్లు కావాలి, అంటే 40 యూనిట్ల బ్యాటరీలో పదోవంతు. హైవే మీద వంద దాటించి తోలితే గాలికి పోయేది వేరే లెక్క. అందుకని ఘాట్ ఎక్కక ముందే చిత్తూరు దగ్గర చార్జింగ్‌కు ఆగాలి. అక్కడ రెండు చార్జింగ్ గన్నుల్లో ఒకటి పనిచేయదు, రెండోదాని ముందు డీజిల్ ఇన్నోవా నీడకు ఆపి ఉంటుంది. ఫోన్లో ఉన్న యాప్ ఆ స్టేషన్‌ది కాదు. కొత్తది దించుకుని, అందులో డబ్బు వేసుకోవాలి. 30 కిలోవాట్ల మెషీన్ మీద 10 శాతం నుంచి 80కి గంట పడుతుంది. ఆ పైన సెల్స్ దెబ్బతినకుండా బండే కరెంటు తగ్గించుకుంటుంది కాబట్టి మిగిలిన 20 శాతం నత్తనడక. వరస సెలవుల్లో మన ముందున్న పెద్దాయన వందయ్యేదాకా కదలడు. ఇంత మేత ఉండగా "వెళ్తుందా?" దగ్గరే ఆగిపోవడం వట్టి బద్ధకం.

అయినా దారి సంగతి ఏడాదికోసారి. బేస్‌మెంట్‌లో చార్జింగ్ సంగతి ప్రతి రాత్రీ. ఈ గనిని మనవాళ్లు అసలు తవ్వనే లేదు.

రెండు బెడ్‌రూముల ఫ్లాటుకు మూడు నుంచి ఐదు కిలోవాట్ల లోడు మంజూరై ఉంటుంది. గీజర్‌కు రెండు, చార్జర్‌కు 3.3 వేసుకుంటే అక్కడికే సరి. కాబట్టి కరెంటు సంస్థ బెస్కామ్‌కు అదనపు లోడు దరఖాస్తు పెట్టాలి, దానికంటే ముందు అసోసియేషన్ నుంచి అనుమతి లేఖ తెచ్చుకోవాలి. మీటర్ రూము నుంచి పార్కింగ్ దాకా కేబుల్ లాగాలి. 15 ఆంప్స్ ప్లగ్గుకైతే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, గోడకు బిగించే 7.2 కిలోవాట్ల చార్జర్‌కు (వాల్‌బాక్స్) 6, దూరం 40 మీటర్లు దాటితే 10. ఎలక్ట్రీషియన్ "రెండున్నర చాలు సార్" అంటాడు. గీజర్‌కు చాలు, అది ఇరవై నిమిషాల్లో ఆగిపోతుంది కనుక. చార్జర్ 14 ఆంప్స్‌ను ఎనిమిది గంటలు లాగుతుంది. లోపల ఒక స్క్రూ వదులైతే చాలు, తెల్లారేసరికి సాకెట్ గోధుమరంగుకు తిరిగి ప్లగ్గుకు అతుక్కుపోతుంది. మామూలు సాకెట్ మానేసి నీలంరంగు ఇండస్ట్రియల్ సాకెట్ బిగించాలి. దానికి కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీబీఓ స్విచ్ కావాలి, అదీ టైప్-ఏ రకం. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య మల్టీమీటర్ పెడితే రెండు మూడు వోల్టులకు మించి చూపించకూడదు. మించితే చాలా చార్జర్లు ఎర్రలైటు వేసుకుని మొండికేస్తాయి. తప్పు బిల్డర్ ఎర్తింగ్‌ది, తిట్లు బండికి.

జనరేటర్ సంగతి ఇంకా రుచికరం. చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకు ఒక కిలోవాటు లోపే బ్యాకప్ ఇస్తారు. చార్జింగ్ లైనును దాన్నుంచి విడదీయకపోతే, కరెంటు పోయిన క్షణాన ఇల్లంతా ట్రిప్ అవుతుంది. కామన్ మీటర్ మీద పెట్టారా, ఇక పర్యావరణం కోసం కొన్న బండి అందరి డీజిల్ తాగుతుంది. జనరల్ బాడీ మీటింగులో లేచి ఈ మాట అనగలిగిన బాబాయిగారు ఒక్కరున్నా మన పక్షం పరువు దక్కేది. వారు మాత్రం లేచి "వాన పడితే షాక్ కొడుతుందా?" అన్నారు.

పోనీ వాన గురించే మాట్లాడదాం. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్క కాలనీలు మునిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు వెళ్లిన ఊరిది. బ్యాటరీ మీద ఐపీ67 అని రాసి ఉంటుంది. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని. నిండిన బేస్‌మెంట్‌ను పంపుతో తోడడానికి మన అసోసియేషన్‌కు రెండు రోజులు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం ఒక మంచి అభ్యంతరానికి చాలినంత ఉంది. (పెట్రోలు ఇంజన్ కూడా ఆ నీళ్లలో బతకదని గుర్తుచేసే మేనల్లుణ్ణి పక్కకు కూర్చోబెట్టాలి.)

అద్దెకున్నవాళ్లకైతే పదకొండు నెలల అగ్రిమెంటే పెట్టని కోట. గోడకు మేకు కొట్టనివ్వని ఓనరు కేబుల్ ట్రే వేయనిస్తాడా?

"ఇంకొన్నాళ్లు ఆగితే ధర తగ్గుతుంది" అనేవారి నిష్ఠకు మాత్రం నమస్కారం పెట్టాలి. కేంద్రం ఫేమ్-2 సబ్సిడీ పథకం కింద స్కూటర్లకు యూనిట్ బ్యాటరీకి 15,000 రూపాయలు ఇస్తున్నప్పుడు వీరు ఆగారు. 2023 జూన్ 1న అది 10,000 అయింది, ధరలో 40 శాతం దాకా ఉన్న సబ్సిడీ పరిమితి 15కు దిగింది. 2024 మార్చితో ఆ పథకమే ముగిసింది. వారు మాత్రం ఆగే ఉన్నారు.

అయితే పక్షంవాళ్లకు రహస్యంగా ఒక హెచ్చరిక. ఈ ప్రశ్నలన్నీ సరైన మనిషిని సరైన వరసలో అడిగితే జవాబులు దొరికిపోతాయి. లోడు పెరుగుతుంది, కేబుల్ పడుతుంది, నీలం సాకెట్ బిగుస్తుంది. అప్పుడు మనకు మిగిలేది ఒక్కటే: బండి చప్పుడు చేయదు, రాత్రి పదకొండింటికి గేటు తీయమని వాచ్‌మన్‌ను ఎవరు లేపాలి?