అనంతపురం నౌకాదళం

మా బావమరిది పాత అంబాసిడర్ ఇంజన్‌ను పడవ ఇంజన్‌గా మారుస్తున్నాడు. అనంతపురంలో. ఈ రెండో మాటకు నవ్వినవాళ్లను జిల్లా అభివృద్ధి నిరోధకులుగా పరిగణిస్తాను. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. జైసల్మేర్‌లాగే వానకు ముఖం వాచిన జిల్లా మనదని బడిలో చదువుకున్నాం. జైసల్మేర్‌కు ఎడారి ఓడ ఉన్నప్పుడు మనకు ఒక పడవైనా ఉండవద్దా?

ఇంజన్ ఎంపికలో మాత్రం వేలెత్తి చూపలేను. అది 1489 సీసీ డీజిల్, బ్రిటిష్ కార్ల కంపెనీ బీఎంసీ వంశం. దాని అన్నదమ్ములు ఇంగ్లండు కాలువల్లో పడవలు నడిపాయి. పెట్రోలుదైతే ఆవిరి గాలికంటే బరువు కాబట్టి పడవ అడుగున పేరుకుని, ఒక్క నిప్పురవ్వకే అందరినీ పైకి పంపుతుంది. "అందుకే డీజిల్ బావా" అన్నాడు. అంత ముందుచూపు ఉన్నవాడికి అసలు విషయం ఎలా తప్పిపోయిందో!

"ఇంగ్లండులో కాలువలు ఉన్నాయి కదరా" అన్నాను.

"మనకు మాత్రం జీడిపల్లి రిజర్వాయరు లేదా? హంద్రీ-నీవా కాలువలో కృష్ణమ్మ రావడం లేదా?"

వస్తోంది. మల్యాల దగ్గర ఎత్తిపోస్తే, మెట్టుమెట్టుకీ పంపులు తోస్తే, కొండలెక్కి వస్తోంది. ఆ నీటికే ఇంజన్లు కావాలి. ఈయన నీటి మీద ఇంజన్ పెడతాడట.

ఇక చల్లబరచే సంగతి. కారు ముందుకు పోతుంటే రేడియేటరుకు గాలి తగులుతుంది. పడవలో ఇంజన్ పెట్టెలో ముడుచుకుని కూర్చుంటుంది, గాలి ఆడదు. కారులా దిగుడులో ఊపిరి పీల్చుకునే వీలూ లేదు, పడవకు దారంతా ఎగుడే. కాబట్టి పంపుతో నది నీళ్లు లాగి, ఇంజన్ వేడిని వాటికి అప్పగించి, పొగగొట్టంలో కలిపి బయటికి చిమ్మాలి. ఏర్పాటు భేషుగ్గా ఉంది. నదే లేదు.

అందుకని మా వాకిట్లో 200 లీటర్ల డ్రమ్ము పెట్టాడు. పది నిమిషాలు నిలవలేదు. అప్పుడు ట్యాంకర్ తెప్పించాడు, అయిదు వేల లీటర్లది. చెక్క దిమ్మెల మీద బిగించిన ఇంజన్ ఉదయం తొమ్మిదికి గర్జించింది. మా బావమరిది స్టూలెక్కి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, సరంగులా వీధి చివరికి చూశాడు. అక్కడ తుమ్మచెట్టు తప్ప ఏ తీరమూ లేదు. "కొంచెం ఎడమకు!" అని పిల్లలు అరిచారు. స్టూలు నిజంగానే ఎడమకు తిరిగింది. గొట్టంలోంచి పొగా నీళ్లూ కలిసి మురుగుకాలువలోకి పరుగెత్తాయి.

ఆ గొట్టం కింద ఎదురింటి అవ్వ బిందె పెట్టింది.

"తాగడానికి కాదు నాయనా, గిన్నెలు కడుక్కుంటాను" అంది.

ఇక నాకు వ్యంగ్యం రాలేదు. ఈ ఊరికి పేరు పెట్టిందే అనంతసాగరం చెరువు. పక్కన బుక్కరాయసముద్రం. ఆరు వందల ఏళ్ల కిందట, యంత్రమన్నది లేని రోజుల్లో, తట్టలతో మన్ను మోసి కట్టలు కట్టి, నిలిచిన వాన నీటికి సాగరమనీ సముద్రమనీ పేర్లు పెట్టుకున్నారు. మనం ఏం చేశాం? చెరువుకు నీళ్లు తెచ్చే వంకల్ని పూడ్చాం, వాటి మీద రాళ్లు పాతాం, ప్లాట్లు అమ్ముకున్నాం. సిగ్గు లేకుండా ఆ ప్లాట్లలో బోర్లు వేశాం. మా వెనక వీధిలో మొన్న వెయ్యి అడుగులు తవ్వితే తెల్లటి దుమ్ము లేచింది. అవ్వ పొగనీళ్లు పట్టుకోక ఏం చేస్తుంది?

పన్నెండు దాటాక ట్యాంకర్ ఖాళీ అయింది. పరీక్ష విజయవంతమని మా బావమరిది ప్రకటించాడు. సాయంత్రానికి పడవ కోసం వడ్రంగిని పిలిపించాడు. పెద్దమనిషి దిమ్మెల మీది ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి, చెవి మీది పెన్సిల్ తీసి, అడుగు ఎంత లోతుకు దించాలో తెలియాలి కదా అని, "మీ దగ్గర నీళ్లు ఎంత లోతు ఉంటాయి సార్?" అని అడిగాడు.

మా వాడు కాస్త ఆలోచించి, "వెయ్యి అడుగుల పైమాటే" అన్నాడు.