దోమతెరకూ మెష్‌కూ మధ్య

మహారాష్ట్రలోని దొండాయిచా పట్టణంలో రవీంద్రనాథ్ టోంగావ్‌కర్ అనే సర్జన్ దోమతెర గుడ్డను కత్తిరించి, శుద్ధి చేసి, హెర్నియా (పొట్టగోడ బలహీనపడిన చోట పేగు వంటివి బయటికి పొడుచుకురావడం) రోగుల పొట్టగోడకు ఆసరాగా కుట్టారు. ఇదే పనికి కంపెనీలు తయారుచేసే వల లాంటి మెష్ కొనలేని పేదల కోసం చేసిన ఈ ప్రయోగం వివరాలను 2003లో వైద్య పత్రికలో ప్రకటించారు కూడా. అప్పట్లో ముక్కున వేలేసుకున్నవారు 2016 నాటికి ఆ వేలు తీయవలసి వచ్చింది. తూర్పు ఉగాండాలో 302 మంది పురుషులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి డాలరు ఖరీదైన దోమతెర ముక్క, మరో వర్గానికి 125 డాలర్ల మెష్ వేసి ఏడాది పాటు గమనించారు. దోమతెర వర్గంలో ఒక్కరికే హెర్నియా తిరగబెట్టింది. మెష్ వర్గంలో ఎవరికీ లేదు. ఇతర ఇబ్బందుల్లోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అలాగని బజారులో దొరికే ఏ దోమతెరైనా పనికొస్తుందనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. దోమల మందు పట్టించిన తెర సంగతి చెప్పనే అక్కర్లేదు. హెర్నియాకు వాడిన తెరల పోగు, రంధ్రం, బరువు కొలిచి, కంపెనీ మెష్‌లతో పోల్చి చూశారు. మన ఆస్పత్రుల్లో మెష్ గురించి మాట వస్తే వినిపించేది మాత్రం బ్రాండు పేరు, ధర. కొలతల ఊసే ఉండదు.

నిజానికి మెష్‌లో ముడిసరుకు విలువ స్వల్పం. ఎక్కువగా వాడేది పాలిప్రొపిలీన్. ఎరువుల బస్తా, ప్లాస్టిక్ కుర్చీ కూడా ఆ జాతివే. 15 సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు ఉన్న ముక్క గ్రాముకు అటూ ఇటూగా తూగుతుంది. ఖర్చంతా తర్వాతి పనిలో, దాని శుభ్రతలో ఉంటుంది. ప్లాస్టిక్ గుళికలను కరిగించి సన్నని రంధ్రాల గుండా పోగులుగా తీస్తారు. చల్లార్చి, సాగదీసి బలం తెస్తారు. ఆ పోగుల్ని అల్లుతారు. సిరిసిల్ల మరమగ్గం మీద పడుగూ పేకా కలిసే నేత కాదిది. ఇందులో పేక ఉండదు; పడుగు పోగులే పక్కపక్క ఉచ్చులుగా ఒకదానిలో ఒకటి దూరతాయి. అందుకే సర్జన్ ఎటు కత్తిరించినా అంచు ఊడిపోదు. ఆపై పోగులకు పట్టిన నూనె కడిగి, చట్రానికి బిగించి, వేడితో ఆకారం నిలిపి, ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేస్తారు. ఆ వాయువు విషం కనుక దాన్ని మళ్లీ వదలగొట్టాలి. ఈ దశల్లో ఎక్కడ కక్కుర్తి పడినా కంటికి కనిపించదు.

అసలు కిటుకు దారంలో కంటే రంధ్రంలో ఎక్కువ. మెష్‌ను పరాయి వస్తువుగా గుర్తించిన శరీరం ప్రతి పోగు చుట్టూ మచ్చ కణజాలం కడుతుంది. పాలిప్రొపిలీన్ మెష్‌లో రంధ్రం మిల్లీమీటరు దాటితే ఆ మచ్చల మధ్య మామూలు కణజాలం పెరుగుతుంది. అంతకంటే ఇరుకైతే పక్కపక్క మచ్చలు కలిసిపోయి రేకులా బిగుసుకుని, ముడుచుకుని, నొప్పి పెడతాయి. పలు పోగులు పేనిన దారంలో మరో చిక్కు ఉంది. సందుల్లో సూక్ష్మజీవి దూరగలదు, దాన్ని తినే తెల్లకణం దూరలేదు.

పదార్థం మంచిదైనా చోటు మారితే కథ మారుతుంది. గజ్జల్లో చాలామందికి మేలు చేసిన మెష్‌నే జారిన గర్భాశయాన్ని, మూత్రాశయాన్ని నిలబెట్టడానికి యోని మార్గం ద్వారా అమర్చినప్పుడు ఎందరో మహిళలు నరకం చూశారు. మెష్ యోని లోపలి పొరను కోసుకుని బయటికొచ్చింది. అమెరికాలో ఆ మెష్‌లకు అనుమతి దక్కింది పాత ఉత్పత్తులను పోలి ఉన్నాయన్న వాదనతోనే. ఆ పోలికల గొలుసును వెనక్కి పట్టుకుపోతే 1999లో వెనక్కి తీసుకున్న ఒక ఉత్పత్తి దగ్గర తేలుతుంది! యోని మార్గం ద్వారా అమర్చే ఈ మెష్‌ల అమ్మకాన్ని అక్కడి నియంత్రణ సంస్థ ఆపించింది 2019 ఏప్రిల్‌లో. మెష్ బాధితుల గోడు కూడా విని 2020లో నివేదిక ఇచ్చిన బ్రిటన్ సమీక్ష బృందానికి ఎంతమంది మహిళలకు మెష్ అమర్చారన్న ప్రశ్నకే సమాధానం దొరకలేదు.

మన దగ్గరా అదే ప్రశ్న వేస్తే? స్వీడన్ 1992 నుంచే హెర్నియా ఆపరేషన్ల వివరాలు నమోదు చేసే రిజిస్టరు నడుపుతోంది. యూరప్‌లో 2021 మే నుంచి అమలైన నిబంధనల ప్రకారం ఒంట్లో అమర్చిన పరికరం వివరాలుండే ఇంప్లాంట్ కార్డు రోగి చేతికి అందాలి. మన దేశంలో 2023 అక్టోబరు నుంచి అధిక ప్రమాద పరికరాలకు లైసెన్సు తప్పనిసరి చేశారు. పరికరాల దుష్ప్రభావాలు నమోదు చేసే కార్యక్రమం 2015 నుంచే ఉంది. కానీ ఏ మెష్ వేశారో తెలియని రోగి ఏమని ఫిర్యాదు చేస్తాడు?

తెలుగు రాష్ట్రాల ఔషధ కొనుగోలు సంస్థలు మెష్ టెండర్లలో చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు, రంధ్రం ఎంత, పోగు ఒంటిదా పేనినదా అన్నవి విధిగా అడగాలి. వచ్చిన సరుకులోంచి నమూనా తీసి కొలిపించాలి. మెష్ పెట్టెలో బ్యాచ్ నంబరుతో వచ్చే స్టిక్కర్లలో ఒకటి కేస్ షీటు మీద అంటిస్తే చాలదు. రెండోది డిశ్చార్జి కాగితం మీద అంటించి రోగికి ఇవ్వాలని ఆరోగ్య శాఖలు ఒక్క సర్క్యులర్‌తో ఆదేశించవచ్చు. ఇందుకు పైసా ఖర్చు లేదు.