నేర్చుకోండి గానీ ముట్టుకోకండి

బెంగళూరు ఐటీ కంపెనీలు ఉద్యోగులకు కొత్త విద్యలు నేర్పడం లేదని గిట్టనివాళ్లు కొందరు ప్రచారం చేస్తున్నారు. పచ్చి అబద్ధం. అనుమానమున్నవాళ్లు మారతహళ్లి పీజీల్లో రాత్రి పదకొండింటికి తొంగి చూడొచ్చు. మంచానికో లాప్‌టాప్, అందులో రెట్టింపు వేగంతో, శబ్దం లేకుండా, క్లౌడ్‌లో ప్రోగ్రాములను నడిపించే కుబర్నెటిస్ మీద పాఠం. నేర్చుకునే మనిషి పక్కనే ఫోన్లో క్రికెట్ చూస్తుంటాడు. చివర్లో వచ్చే ప్రశ్నలకు జవాబులు టీమ్ వాట్సాప్ గ్రూపులో ముందే ఉంటాయి. తెల్లారేసరికి సర్టిఫికెట్. లింక్డ్‌ఇన్‌లో పెట్టగానే గుంటూరు మేనమామ ‘కంగ్రాట్స్ అల్లుడూ’ అంటాడు. నైపుణ్యాభివృద్ధి అంటే ఇంకేం కావాలి?

మర్నాడు అదే మనిషి ఆఫీసుకెళ్లి, నల్ల తెర మీద పచ్చ అక్షరాలు తెరిచి, కోబాల్ అనే పాతకాలపు భాషలో రాసిన ప్రోగ్రాములో ఏడో గడిలో ఒక నక్షత్రం గుర్తు పెడతాడు. దాంతో ఆ లైను పనిచేయడం మానేస్తుంది. ఆ నక్షత్రానికి మూడు అనుమతులు, రెండు మీటింగులు.

ఏడో గడే ఎందుకంటారా? 1959లో కోబాల్ పుట్టేనాటికి ప్రోగ్రాములు 80 గడుల అట్టముక్కల మీద చిల్లులుగా ఉండేవి. మొదటి ఆరు గడులు వరస సంఖ్యకు: కట్ట చేజారి చెల్లాచెదురైతే మళ్లీ పేర్చుకోవద్దూ? అట్టలు ఎప్పుడో పోయాయి. గడులు మిగిలాయి. 72వ గడి దాటి ఏం రాసినా, ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరు కన్నెత్తి చూడదు. 2002 నాటి ప్రమాణంలోనే ఈ గడుల బెడద లేకుండా రాసే వీలు కల్పించారు. ఆ కబురు మోసుకెళ్తున్న మనిషి సిల్క్ బోర్డ్ జంక్షన్ దగ్గర ఇరుక్కున్నట్టున్నాడు, చాలా ఆఫీసులకు ఇంకా చేరలేదు.

రాత్రి నేర్చిన విద్యను పగటి పని దరిదాపులకు రానివ్వకపోవడమే యాజమాన్యం అసలు ప్రతిభ. ఉత్సాహవంతుడైన కుర్రాడెవడైనా ‘ఈ మాడ్యూలు తిరగరాద్దాం సార్’ అన్నాడనుకోండి. టెస్టులున్నాయా? లేవు. అది ఏం చేస్తుందో రాసిన కాగితముందా? లేదు. మరి నడుస్తోందా? నడుస్తోంది. ఇక చర్చ దేనికి?

కుర్రాడు మరీ మొండికేస్తే టీఎస్‌బీ కథ చెబుతారు. బ్రిటన్‌లోని ఆ బ్యాంకు 2018 ఏప్రిల్లో ఖాతాలన్నీ కొత్త వ్యవస్థకు మార్చబోతే లక్షల మంది తమ డబ్బు తామే చూసుకోలేక అల్లాడిపోయారు. 2022లో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. ఆ జరిమానా మార్చినందుకు కాదు, మార్పును సరిగ్గా నిర్వహించనందుకు. ఈ రెండో ముక్క ఎందుకో స్లైడులో పట్టదు.

అలాగని ఆధునికీకరణ జరగడం లేదనీ అనలేం. పాత ప్రోగ్రాము ముందు ఓ ఏపీఐ, అంటే బయటి యాప్‌లు దానితో మాట్లాడే కిటికీ, తగిలించి క్లౌడ్ అని బోర్డు పెట్టారు. పైన పటారం, లోన లొటారం.

ఆ లోపలిది తెలిసినవారు ఫ్లోరు మొత్తానికీ ఒక్కరే. పెద్దాయన. 1998లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ (కోబాల్ నడిచే పెద్ద కంప్యూటరు) కోర్సు చేసి, 2000 రాగానే రెండంకెల సంవత్సరాలు తికమకపడతాయన్న వైటుకే భయం పుణ్యమా అని ఉద్యోగం కొట్టిన తరం. అప్పట్లో చాలాచోట్ల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే ఓపిక లేక, ‘50 లోపైతే 2000లు, పైనైతే 1900లు’ అని షరతు రాసి సర్దేశారు. ఆ షరతు ఎక్కడెక్కడ ఉందో ఆయనకే తెలుసు. నెలాఖరు లెక్కలన్నీ ఒక్కసారిగా నడిపే బ్యాచ్ రాత్రి రెండింటికి సాక్ సెవెన్ కొట్టిందంటే, అంటే అంకె ఉండాల్సిన చోట ఇంకేదో తగిలి జాబు చచ్చిపడిందంటే, ఫోను మోగేది ఆయన ఇంట్లోనే. ఆయన ఇస్తున్న కేటీ, అంటే తనకు తెలిసింది తర్వాతివాళ్లకు అప్పజెప్పడం, మొత్తం ఒక్క వాక్యం: ‘అది మాత్రం కదపకు బాబూ.’

పోనీ ఏఐని అడుగుదామన్నారు. అడిగారు. ‘ఖాతా రకం 7 అయితే వడ్డీ లెక్కించదు’ అని అది చక్కగా చెప్పింది. ఎందుకు లెక్కించదో చెప్పలేదు. పాపం, పైన 1994లో ఎవరో రాసిపెట్టిన వ్యాఖ్య ఒకటే మాట: ‘తాత్కాలికం’.

పెద్దాయన వెళ్లిపోతే ఏమవుతుందో న్యూజెర్సీని అడగాలి. 2020 ఏప్రిల్లో అక్కడి పాత కోబాల్ వ్యవస్థ మీదికి నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, గవర్నరు ఫిల్ మర్ఫీ అంతటాయన కోబాల్ వచ్చినవాళ్లు సాయం చేయాలని విలేకరుల ముందు అడగాల్సొచ్చింది. మనకా భయం లేదు. అడగడానికి మనకు గవర్నరు కాదు, హెచ్‌ఆర్ ఉంది.

ఈ మధ్య కొందరు ప్రమాదకరమైన సలహా ఒకటి తెచ్చారు. వీడియోల గంటల్లో సగం తీసి, కుర్రాణ్ణి పెద్దాయన పక్కన కూర్చోబెట్టాలట. ఓ చిన్న బ్యాచ్ ప్రోగ్రాముకు ఇద్దరి చేతా టెస్టులు రాయించి, అదే పనిని జావాలో తిరగరాయించి, కొన్ని నెలాఖరుల పాటు రెండింటినీ పక్కపక్కన నడిపి పైసలతో సహా సరిచూడాలట. ఇలా చేస్తే కుర్రాడికి పాతదీ కొత్తదీ రెండూ వచ్చేస్తాయి. వచ్చేస్తే జీతం పెంచమంటాడు. పెద్దాయన హాయిగా రిటైరవుతాడు. క్లయింటు బిల్లులో ‘మెయింటెనెన్స్’ పద్దు సన్నగిల్లుతుంది. ఎవరికి లాభం?

అయినా యాజమాన్యం విశాల హృదయంతో దీన్ని కమిటీకి పంపింది. సభ్యులు కూర్చునే ముందు ఆధునికీకరణ మీద ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయాలి. పన్నెండు గంటలు, తప్పనిసరి. జవాబులు గ్రూపులో ఉన్నాయి.