రీస్టార్ట్ భారం ఎవరి మీద?

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విండోస్ అప్‌డేట్లు వదులుతుంది. 2003 నుంచీ ఇదే ఆనవాయితీ. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పదింటికి వదిలితే బెంగళూరులో అప్పుడు రాత్రి పదిన్నర, చలికాలమైతే పదకొండున్నర. మారతహళ్లి, బీటీఎం పీజీల్లో ఉండే మన కుర్రాళ్లలో చాలామంది సరిగ్గా ఆ వేళకే అమెరికా క్లయింటుతో కాల్‌లో ఉంటారు. అప్‌డేట్ కోసం పని మధ్యలో సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ కాకుండా యాక్టివ్ అవర్స్, అంటే మనం పనిచేసుకునే వేళలు, పెట్టుకోవచ్చు, గరిష్ఠంగా 18 గంటలు. ముందుగా వచ్చే సెట్టింగ్ మాత్రం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకానే. ఐదింటికి లాప్‌టాప్ మూసేసే బెంగళూరు టెకీ నాకైతే ఇంతవరకూ తారసపడలేదు.

అప్‌డేట్లు వాయిదా వేసేవాళ్లంటే ఐటీ విభాగాలకు చిన్నచూపు. బద్ధకమంటారు, నిర్లక్ష్యమంటారు. నిజానికి జనం తప్పించుకు తిరిగేది అప్‌డేట్ నుంచి కాదు, రీస్టార్ట్ నుంచి. మారతహళ్లిలో నేను ప్రింట్లు తీయించుకునే జిరాక్స్ షాపు ఒక అనంతపురం ఆయనది. ఉన్నది ఒకటే సిస్టమ్. దాని ముందు రెజ్యూమే ప్రింటు కోసం ఒకరు, రెంటల్ అగ్రిమెంట్ టైపు చేయించుకోవడానికి ఇంకొకరు, చేతిలో పెన్‌డ్రైవులతో నిలబడి ఉంటారు. స్క్రీన్ మూలన నోటీసు రాగానే ఆయన చూడకుండానే ‘లేటర్’ నొక్కేస్తాడు. ‘‘అప్‌డేట్ చేయవా అన్నా?’’ అంటే, ‘‘అది గుండ్రంగా తిరిగి తిరిగి లేచేలోపు వీళ్లంతా పక్క షాపుకి పోతారు సామీ’’ అన్నాడు. ఆయన లెక్కలో తప్పేముంది?

అలాగని వాయిదా క్షేమమేమీ కాదు. 2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై విరుచుకుపడినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను పూడ్చే ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14నే వచ్చేసింది.

ఇంతకీ రీస్టార్ట్ ఎందుకు? వాడుకలో ఉన్న ఫైలును విండోస్ సాధారణంగా మార్చనివ్వదు. అందుకని మార్చాల్సినవాటి జాబితా రాసిపెట్టుకుని, ఆ ఫైళ్లు ఇంకా తెరుచుకోకముందే, అంటే మళ్లీ బూట్ అయ్యేటప్పుడు, మారుస్తుంది. ఒక అప్‌డేట్ మీద ఇంకోటి ఆధారపడితే, మధ్యలో ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) కూడా ఉంటే, ఒక్కసారితో పోదు. రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాం కదా అంటారా? ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ తన గుండెకాయ లాంటి కెర్నల్‌ను డిస్కులో దాచిపెట్టి, పొద్దున మళ్లీ దాన్నే లేపుతుంది. పేరుకే ఆఫ్.

ఇది తప్పనిసరి తిప్పలేమీ కాదు. విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. అందులో నడుస్తున్న ప్రోగ్రామ్ పాత ఫైలుతో నడుస్తుండగానే కొత్తది వచ్చి చేరుతుంది. కెర్నల్‌ను సైతం ఆపకుండా ప్యాచ్ చేసే ఏర్పాటు 2015లో 4.0 వెర్షన్‌తోనే అందులో కలిసింది. ఆండ్రాయిడ్ 7 నుంచి, సిస్టమ్‌కు రెండు విభాగాలున్న ఫోన్లలో మనం ఫోన్ వాడుకుంటుండగానే కొత్త సిస్టమ్ రెండో విభాగంలో సిద్ధమైపోతుంది, చివర్లో ఒక్క రీస్టార్ట్ చాలు.

మైక్రోసాఫ్ట్‌కూ ఈ విద్య తెలుసు. హాట్‌ప్యాచ్ పేరుతో 2025 ఏప్రిల్ నుంచి విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ వాళ్లకు ఇస్తోంది. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లకు వాళ్లు ఏడాదికి నాలుగుసార్లు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో, రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీది పెద్ద కంపెనీలకు ఐటీ విభాగముంది, చందా కట్టే స్తోమతుంది, కాబట్టి ఈ సుఖం వాళ్లకు దక్కుతుంది. రీస్టార్ట్ వల్ల నిజంగా బేరం పోయేది ఒకే సిస్టమ్ ఉన్నవాళ్లకు. మామూలు జనం వాడే హోమ్ ఎడిషన్‌లో వాళ్లకు హాట్‌ప్యాచ్ లేదు, ఐదు వారాల దాకా పనిచేసే పాజ్ బటన్ ఉంది. కొత్త ఫీచర్లు ఎలాగూ ఎవరూ అడగలేదు, అవి ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు. భద్రతా ప్యాచులనైనా రీస్టార్ట్ లేకుండా హోమ్ ఎడిషన్‌కు ఇవ్వాలి.