గొట్టం మార్చినంత మాత్రాన రైఫిల్ తుపాకీ కాకుండా పోదు

కొంతకాలంగా అమెరికాలోని మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. నాకు నాలుగు వైపుల నుంచి వచ్చింది. పంపినవాళ్లలో ఇద్దరు హెచ్-1బి మీద ఉన్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "అమెరికా చట్టం ప్రకారం మజిల్‌లోడర్ తుపాకీ కిందకే రాదు. పాత బోల్ట్ రైఫిల్ ఒకటి కొని బ్యారెల్ మార్పించుకుంటే అది మజిల్‌లోడర్ అయిపోతుంది. పేపర్లు అక్కర్లేదు, వీసాతో పనిలేదు. బ్లాక్ పౌడర్ బదులు స్మోక్‌లెస్ పౌడర్ సగం పోస్తే చాలు. పొగ ఉండదు, కడిగే పని ఉండదు. సావేజ్ కంపెనీయే ఇలాంటివి అమ్మింది. లేత్ ఉన్న ఏ షాపులోనైనా ఒక పూట పని."

నేను పెన్సిల్వేనియాలో పన్నెండేళ్లుగా జింకల వేటకు వెళ్తున్నాను. ఏడాదంతా ఎదురుచూసేది మజిల్‌లోడర్ సీజన్ కోసమే. తెలియనివాళ్లకు ఒక్క ముక్క: తూటా వెనక నుంచి పెట్టకుండా, గొట్టం (బ్యారెల్) మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి పేల్చేదే మజిల్‌లోడర్. మన ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకీ పనిచేసేదీ అలాగే. ఈ మెసేజ్‌ను నమ్మితే కొందరు చెయ్యి పోగొట్టుకుంటారు, కొందరు వీసా పోగొట్టుకుంటారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"చట్టం ప్రకారం తుపాకీ కాదు" అన్న మాటతో మొదలుపెడతాను. దీంట్లో పావు వంతు నిజం ఉంది. ఆ పావు వంతే జనాన్ని ముంచుతోంది.

1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్‌లో 'యాంటిక్ ఫైర్‌ఆర్మ్' అని ఒక వర్గం ఉంది. బ్లాక్ పౌడర్‌తో గానీ దాని ప్రత్యామ్నాయంతో గానీ కాల్చడానికే తయారై, తూటాలు వాడడానికి వీలులేని మజిల్‌లోడర్లు ఆ వర్గంలోకి వస్తాయి. ఫెడరల్ చట్టం వాటిని మామూలు తుపాకీల లెక్కలో చూడదు. మెసేజ్ రాసినవాళ్లు ఇక్కడిదాకా చదివి ఆగిపోయారు. ఆ నిర్వచనం అక్కడితో అయిపోలేదు. మూడు రకాలకు ఈ మినహాయింపు లేదని కింద స్పష్టంగా రాసి ఉంది. ఒకటి, తుపాకీ ఫ్రేమ్ గానీ రిసీవర్ గానీ (బ్యారెల్, బోల్ట్ బిగించే అసలు చట్రం) ఉన్నది. రెండు, తుపాకీని మార్చి మజిల్‌లోడర్‌గా చేసినది. మూడు, బ్యారెలో, బోల్టో (గొట్టం వెనక భాగాన్ని మూసే కడ్డీ) మారిస్తే తేలిగ్గా తూటాలు కాల్చగలిగేది. పాత బోల్ట్ రైఫిల్ కొని బ్యారెల్ మార్పించుకుంటే మొదటి రెండూ అక్కడికక్కడే తగులుతాయి, చాలాసార్లు మూడోది కూడా. రైఫిల్‌కు చట్టం దృష్టిలో ప్రాణం రిసీవర్‌లో ఉంటుంది, బ్యారెల్‌లో కాదు.

ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు. ఏ మజిల్‌లోడర్లు మామూలు తుపాకీల కిందకే వస్తాయో ఏటీఎఫ్ (తుపాకీ చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ) కొన్ని ఉదాహరణలు ఇచ్చింది. మజిల్‌లోడింగ్ బ్యారెల్ బిగించిన మౌజర్ 98 రైఫిల్, అలాగే మార్చిన ఎస్‌కేఎస్ రైఫిల్, రెమింగ్టన్ 870 షాట్‌గన్, సావేజ్ 10ఎంఎల్ తొలి వెర్షన్ అందులో ఉన్నాయి. మెసేజ్ ఏ సావేజ్ పేరు చెప్పి ధైర్యమిస్తోందో ఆ సావేజే అక్కడ ఉంది.

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఈ తర్వాతి సంగతి నిదానంగా చదవండి. నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద దేశంలోకి వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. 2022 సవరణ తర్వాత దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. ఇమిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరం దేశం నుంచి పంపించేయడానికి కూడా ఒక కారణం. 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రెహైఫ్ కేసు ఇలాంటిదే. స్టూడెంట్ వీసా మీద వచ్చిన అబ్బాయిని మార్కులు లేవని యూనివర్సిటీ తీసేసింది. స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హక్కు) పోయింది. తర్వాత అతను ఫైరింగ్ రేంజ్‌కు వెళ్లి కాల్చాడు, అంతే, కేసు పడింది. తన స్టేటస్ ఏమిటో అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాల్సిందేనని కోర్టు తీర్పు ఇచ్చింది. మన హెచ్-1బి వాళ్ల సంగతి ఆలోచించండి. ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే కాగితం) తేదీ నిద్రలో లేపి అడిగినా చెప్తాం. మన స్టేటస్ మనకు తెలియదని ఏ కోర్టులో అనగలం?

నాకు బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. వీసా మీద ఉన్నవాళ్లకు చట్టమే ఒక దారి ఇచ్చింది. ఏదైనా రాష్ట్రం సక్రమంగా ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే ఆ ఫెడరల్ నిషేధం వర్తించదు. సేఫ్టీ కోర్సు చేసి, లైసెన్స్ తీసుకుని, రాష్ట్రం రూల్స్ చూసుకుని, అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక మాట అడిగి నిక్షేపంగా వేటకు వెళ్లొచ్చు. రాజమార్గం ఉండగా ఈ మెసేజ్ జనాన్ని ముళ్లకంపలోకి తోలుతోంది.

ఇక మందు సంగతి. "స్మోక్‌లెస్ సగం పోస్తే చాలు" అన్న మాట మొత్తం మెసేజ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైనది.

బ్లాక్ పౌడర్ మనకు కొత్తది కాదు. దీపావళికి ఇంట్లో చిచ్చుబుడ్లు కూరిన ప్రతి ఒక్కరికీ తెలిసిన సూరేకారం, బొగ్గు, గంధకమే అది. తుపాకీ మందులో వాటి పాళ్లు సుమారు 75, 15, 10. కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుంది. మనం చూసే పొగ, గొట్టంలో అంటుకునే మసి అదే. వాయువుగా మారి గుండును తోసేది సగం కంటే తక్కువ. పైగా ఒత్తిడి పెరిగినంత మాత్రాన అది మండే వేగం పెద్దగా మారదు. కొలతలో కాస్త తేడా వచ్చినా ఓర్చుకుంటుంది. అందుకే దాన్ని వందల ఏళ్లుగా గిన్నెతో కొలిచి పోస్తున్నారు.

స్మోక్‌లెస్ పౌడర్ పుట్టుకే వేరు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే నైట్రోసెల్యులోజ్‌తో చేశాడు. అది దాదాపు మొత్తం వాయువుగా మారుతుంది. చుట్టూ ఒత్తిడి పెరిగేకొద్దీ ఇంకా వేగంగా మండుతుంది. వేగంగా మండేకొద్దీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పొంగు వచ్చిన పాలలాగా, చూస్తుండగానే చేయి దాటిపోతుంది. దీన్ని గిన్నెతో కొలవరు. త్రాసు మీద గ్రెయిన్లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే గ్రాములో పదిహేనో వంతు. అందులోనూ పదుల రకాలున్నాయి, ఒక్కోటి మండే వేగం ఒక్కోటి. పక్కపక్కనే రెండు డబ్బాలు పెడితే కంటికి రెండూ ఒకేలాంటి బూడిదరంగు పలుకులు. ఒకదాని కొలత ఇంకొకదానికి పనికిరాదు. అలాంటప్పుడు 'సగం' అంటే దేనిలో సగం? ఏ రకంలో? గిన్నె సగమా, బరువు సగమా? ఆ మాటకు అర్థమే లేదు.

ఇది నేను కళ్లారా చూశాను. రెండేళ్ల క్రితం రేంజ్‌లో నా పక్క బెంచీ మీద ఒకాయన కంపెనీ చేసిన మామూలు మజిల్‌లోడర్‌తో కాలుస్తున్నాడు. బ్యారెల్ మీద 'బ్లాక్ పౌడర్ మాత్రమే' అని చెక్కి ఉంది. నాలుగో దెబ్బకు శబ్దం తేడాగా వచ్చింది. ఫట్‌మని కాదు, పెద్ద ఇనప తలుపు విసిరి మూసినట్టు. ఆయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు. కడ్డీకి గుడ్డముక్క చుట్టి గొట్టంలోకి దించమన్నాం. బిగుతుగా దిగుతూ దిగుతూ ఒక చోట గభాలున వదులైంది, ఒక అంగుళం జారి మళ్లీ బిగిసింది. బయట బొటనవేలు పెట్టి రాస్తే అదే చోట ఉబ్బు తగిలింది, ఎలుకను మింగిన పాము పొట్టలా. ఏం పోశావని అడిగితే స్మోక్‌లెస్, సగం గిన్నె అన్నాడు. ఆ ఉబ్బు ఎడమచేయి పట్టుకునే చోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంది. ఆ బ్యారెల్‌ను రంపంతో రెండు ముక్కలు చేయించి గానీ ఆయన్ని ఇంటికి పంపలేదు రేంజ్ పెద్దాయన.

"రైఫిల్ ఉక్కు 60,000 పీఎస్ఐ తట్టుకుంటుంది, భయం లేదు" అని మెసేజ్ కింద ఎవరో తగిలించారు. పీఎస్ఐ అంటే చదరపు అంగుళం మీద ఇన్ని పౌన్ల ఒత్తిడి. .30-06 అనే రైఫిల్ తూటాకు అమెరికన్ ప్రమాణం 60,000 పీఎస్ఐ అన్నది నిజమే. కానీ ఆ లెక్క ఉక్కు ఒక్కదానిది కాదు. ఆ తూటాకు ఇత్తడి కేసు ఉంటుంది. పేలగానే అది వ్యాకోచించి చాంబర్ గోడలకు అతుక్కుని, వాయువు వెనక్కి రాకుండా మూసేస్తుంది. వెనక బోల్ట్ లగ్గులు (బోల్ట్‌ను తాళంలా బిగించే పళ్లు) దాన్ని పట్టి ఉంచుతాయి. మజిల్‌లోడర్‌లో ఆ ఇత్తడి లేదు. వెనక వైపున మరలతో బిగించిన బ్రీచ్ ప్లగ్, దాని మధ్యలో నిప్పు వెళ్లే సన్నని రంధ్రం ఉంటాయి. మొత్తం ఒత్తిడి ఆ మరల మీద, ఆ రంధ్రం మీద పడుతుంది. అవతల వైపు మన ముఖం ఉంటుంది. వేడి వాయువు ఆ రంధ్రాన్ని కాల్పు కాల్పుకూ కొద్దికొద్దిగా తినేస్తుంది. పెద్దదైన కొద్దీ వెనక్కి వచ్చే ఒత్తిడి ఎక్కువ. కడిగే పని లేదన్నారు కదా, మసి తక్కువన్నది ఒప్పుకుంటాను. కానీ ప్లగ్ విప్పి ఆ రంధ్రం చూసుకునే పని ఎక్కడికీ పోదు.

ఇంకో చిక్కు లోడ్ చేయడంలోనే ఉంది. తూటా రైఫిల్లో రెండు తూటాలు ఒకే చాంబర్‌లో పట్టవు. మజిల్‌లోడర్ గొట్టంలో మందు మీద మందు, గుండు మీద గుండు ఎన్నయినా దిగుతాయి. మా పెన్సిల్వేనియాలోనే 1863లో, అమెరికా అంతర్యుద్ధంలో, గెట్టిస్‌బర్గ్ యుద్ధం తర్వాత మైదానంలో ఏరిన తుపాకులకు ఒక లెక్క చెప్తారు. మొత్తం 27,574. అందులో సుమారు 24,000 లోడ్ చేసి ఉన్నాయి. వాటిలో సగానికి రెండేసి లోడ్లు, పావు వంతుకు మూడు నుంచి పది దాకా. ఒకదాంట్లో 23. వాళ్లు రోజూ డ్రిల్ చేసిన సైనికులు. టెన్షన్‌లో మనిషి చేసే పొరపాటు అది. చెట్టు మీద స్టాండ్‌లో చలికి వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు, జింక తప్పించుకుపోయిన కంగారులో మనకూ అదే జరుగుతుంది. బ్లాక్ పౌడర్‌తోనే డబుల్ లోడ్ పెద్ద ప్రమాదం. స్మోక్‌లెస్‌తో అయితే చెప్పక్కర్లేదు. అందుకే నా కడ్డీ మీద రెండు గీతలున్నాయి, ఖాళీ గొట్టానికి ఒకటి, సరైన లోడ్‌కు ఒకటి. గీత కలవకపోతే ఆ పూట క్యాప్ (మందుకు నిప్పు అంటించే చిన్న టోపీ) పెట్టను.

సావేజ్ విషయానికొస్తే, అవును, అమ్మింది. నార్త్ కరోలినాకు చెందిన హెన్రీ బాల్ డిజైన్ మీద 2000 ప్రాంతంలో 10ఎంఎల్ తెచ్చి, దాదాపు పదేళ్లు అమ్మి ఆపేసింది. దాని బ్యారెల్, బ్రీచ్ ప్లగ్ మొదటి నుంచీ స్మోక్‌లెస్ కోసమే గీసినవి. ఏ రకం పౌడర్, ఎన్ని గ్రెయిన్లు, ఏ బరువు గుండు అని మాన్యువల్‌లో కట్టడి ఉంది. అంత చేసినా దాని తర్వాతి వెర్షన్ 10ఎంఎల్-2 బ్యారెళ్లు పగిలాయని కంపెనీ మీద దావాలు నడిచాయి. సావేజ్ అమ్మింది కాబట్టి నీ రైఫిల్లోనూ పోయొచ్చు అనడం, విమానం ఎగురుతుంది కాబట్టి నా కారు కూడా ఎగురుతుంది అన్నట్టే. ఇంకో కంపెనీ రెమింగ్టన్ 1996లో 700ఎంఎల్ అనే మజిల్‌లోడర్ తెచ్చింది. చూడ్డానికి అచ్చం ఆ కంపెనీ మోడల్ 700 రైఫిలే. అందులో స్మోక్‌లెస్ వాడొద్దని కంపెనీయే చెప్పింది.

"ఒక పూట లేత్ పని" అన్న మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఈ కస్టమ్ పని పరువుగా చేసే గన్‌స్మిత్‌లు అమెరికాలో ఉన్నారు. వాళ్లు చేసిన తుపాకీ పట్టుకుని చూశాను, ముచ్చటేసింది. అదే పనిగా స్మోక్‌లెస్ ఒత్తిడికి ఎంచుకున్న బ్యారెల్, ఆ ఒత్తిడికి లెక్కకట్టిన మరలు, గొట్టం కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా సైజు చేసిన గుండ్లు, అన్నీ కలిపితే కొత్త రైఫిల్ ధర దాటిపోతుంది. నెలల తరబడి వెయిటింగ్. డబ్బు మిగులుతుందని దాని జోలికి వెళ్లేవాళ్లు ఎవరూ లేరు.

ఇంత చేసి అడవికి తీసుకెళ్తే అక్కడ ఒప్పుకుంటారా? రాష్ట్రాన్ని బట్టి. కొలరాడో మజిల్‌లోడర్ సీజన్‌లో స్మోక్‌లెస్ పౌడర్ నిషేధం, స్కోప్ కూడా నిషేధమే. మా పెన్సిల్వేనియాలో క్రిస్మస్ తర్వాత వచ్చే సీజన్ ఫ్లింట్‌లాక్‌కు మాత్రమే, చకుముకి రాయి నిప్పుతో పేలేది తప్ప ఇంకేదీ పనికిరాదు. 1974 నుంచీ అంతే.

చివరిగా, ఈ మెసేజ్ సముద్రం దాటి మన ఊళ్లకూ వెళ్లింది. మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేసి, "అన్నా, వేరుశనగ చేలో పందులు పడుతున్నాయి, మజిల్‌లోడర్‌కు లైసెన్స్ అక్కర్లేదంట కదా, ఇక్కడ వెల్డింగ్ షాపు వాడు చేసిస్తానంటున్నాడు" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ఉంది. నాటు తుపాకీకైనా లైసెన్స్ కావాలి. లైసెన్స్ లేకుండా తుపాకీ తయారుచేసినా, మార్చినా 2019 సవరణ ప్రకారం ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. వన్యప్రాణి చట్టం దానికి అదనం. పందుల సంగతి సర్పంచ్‌ను వెంటబెట్టుకుని ఫారెస్ట్ ఆఫీసులో మాట్లాడమన్నాను. మర్నాడు పొద్దున్నే మళ్లీ చేశాడు. వెల్డింగ్ షాపులో ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాడట.